మొహం చెల్లని నోటు

పలక దినచర్య: 1వ రోజు

ఈ పుస్తకంలో ఏం రాయాలో అట్ట లోపలే అచ్చు వేసి ఉంది. నోట్లు అచ్చు వేసే రాగి పలక ఎవరిది, ఇవాళ దాని మీద ఎన్ని గీతలు చెక్కారు, ఎంత లోతు, గాలిలో తేమ ఎంత. చెరపకూడదు, చింపకూడదు. దొంగనోటు దొరికినప్పుడు ఈ పుస్తకం తెరిచి, ఏ గీత మనది, ఏది కాదు అని పోల్చుకుంటారట. ఇరవై రెండేళ్లలో ఇలాంటివి పద్నాలుగు పుస్తకాలు నింపాను. ఒక్కదాన్నీ ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. కాబట్టి పదిహేనోదానిలో నాకు తోచింది రాసుకుంటాను.

గాలిలో తేమ ఎక్కువ. గీతలు సున్నా. ఎందుకంటే పలక నాది కాదు.

మా ఏడుదీవుల్లో ఇప్పటిదాకా యాభై మాడలదే పెద్ద నోటు. దాని మీదున్న పడవ సరంగు మొహం నేను చెక్కిందే. ఏటా ఆయన దగ్గరికి వెళ్లి, కొత్తగా పడిన ముడతలు చూసి, పలక మీద చేర్చి వస్తాను. వంద నోటు వస్తుందని తెలిసినప్పుడు అది నాదేనని దీవులన్నీ అనుకున్నాయి. నేను ముందే అనుకుని కళ్లజోడుకు కొత్త అద్దాలు కూడా సానబట్టించుకున్నాను.

ఇవాళ పొద్దున్న అచ్చుశాల పెద్ద సోమసుందరం గారు పిలిచారు. "తాయారు గారూ, వంద నోటు నూకరత్నానికి ఇస్తున్నామండి. ఆవిడ రాగికి కొత్త కదా, మీరు చూపరిగా ఉండండి. మీ కన్ను పడితే మాకు ధైర్యం," అన్నారు.

చూపరి అంటే వేరేవాళ్ల పలకను భూతద్దంతో గాలించి, కింద 'దోషం లేదు' అని సంతకం పెట్టే మనిషి. నా కన్ను పడితే ఏమవుతుందో పాపం ఆయనకు తెలియదు. "అలాగేనండి" అని వచ్చేశాను.

4వ రోజు

నూకరత్నం గురించి రాయకపోతే కడుపులో మంట చల్లారేలా లేదు. వయసు ముప్పై ఎనిమిది. నాకంటే పదహారేళ్లు చిన్న. పడమటి లంకలో రాతి అచ్చు మీద మందుసీసాల చీటీలు, పిల్లల వాచకాలు వేసేది. రాతి అచ్చులో బొమ్మ ముందు రబ్బరు మీదికి, అక్కణ్ణుంచి కాగితం మీదికి వెళ్తుంది. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి గీసింది గీసినట్టే వస్తుంది. మా రాగిలో ఒక్కసారే తిరగబడుతుంది. కుడిది ఎడమకు, ఎడమది కుడికి పోతుంది. అందుకని మేం అన్నీ తిరగేసి చెక్కుతాం. నాకు అలవాటై ఇంట్లో సరుకుల చీటీ కూడా తిరగేసి రాసేస్తుంటాను. కొట్టువాడు అద్దం పెట్టుకుని చదువుకుంటాడు.

"ఆయ్, నమస్కారమండీ అక్కగారూ! మీ యాభై నోటు చూసే నేను ఉలి పట్టుకున్నానండి," అంది వచ్చీరాగానే. అంటే నన్ను చూసి నేర్చుకుని నన్నే దాటిపోయిందన్నమాట. పైగా అందరికీ రొయ్యల వేపుడు తెచ్చింది. ఉప్పు ఎక్కువైందని చెప్పి రెండుసార్లు వడ్డించుకున్నాను.

సాయంత్రం సముద్రపు గట్టు మీద మా వీధి వంతు. తలా ఒక తట్ట మన్ను మోస్తే చాలు, ఆ వారం మంచినీళ్లకు చీటీ ఇస్తారు. ఆవిడ రెండు తట్టలు మోసింది. రెండోది నాదట. నడుం నొప్పి అని నేనెవరితోనో అంటుంటే విన్నదట. చేసిన మేలుకు కూడా ఒళ్లు మండుతుందని నాకు ఇవాళే తెలిసింది.

9వ రోజు

లాటరీలో సాక్షి పేరు, అంటే వంద నోటు మీద మొహం ఉండే మనిషి పేరు, తేలింది. దాలమ్మ, నలభై ఆరేళ్లు, ఉప్పుదిబ్బ దీవిలో మడుల్లో ఉప్పు పోగుచేసే మనిషి. ఒంటరిది.

మా నోటు మీద రాజులుండరు, చచ్చిపోయిన గొప్పవాళ్లుండరు. ఫోన్ల తెరల మీది డబ్బు లెక్కలన్నీ ఒక్క రోజులో మాయమైపోయిన ఏడాది, మా అమ్మమ్మల తరం ఒట్టు పెట్టుకుంది, ఇక బతికున్న మనిషి మొహాన్నే నమ్ముతామని. నోటు మీదున్న మనిషి బతికున్నంతకాలం నోటు చెల్లుతుంది. ఆ మనిషి పోతే నలభై రోజుల్లో పాతవి ఇచ్చి కొత్తవి తీసుకోవాలి. అందుకని ఏడాదికోసారి సాక్షిని బజారులో అరుగు మీద నిలబెడతారు. జనం చేతిలో నోటు పట్టుకుని పోల్చుకుంటారు. దండోరా మనిషి "మొహం చెల్లిందా?" అని అరుస్తాడు. "చెల్లింది!" అని బజారంతా అరుస్తుంది. మా సరంగుకు పదిహేనేళ్లుగా అలాగే చెల్లుతోంది.

దాలమ్మ ఇవాళ వచ్చింది. నల్లగా, గట్టిగా ఉంది. తలకు తుండు చుట్టుకుంది. ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. అరుగు మీద ప్రమాణం చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి బాగా చూశాను.

12వ రోజు

ఇలాంటి పని నేను చూడలేదు. దాలమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద ఒక్క గీత గీసుకోకుండా, నూకరత్నం నేరుగా రాగి మీద ఉలి పెట్టింది.

"ముందు బొమ్మ గీసుకోవా?" అన్నాను. మేమైతే నలభై బొమ్మలు గీస్తాం. గీసిన ప్రతి బొమ్మా బీరువాలో దాస్తాం.

"కాగితం మీద గీస్తే సగం అక్కడే అయిపోద్దండీ అక్కగారూ. రాగి మీదకొచ్చేసరికి చల్లారిపోద్ది. చూసింది చూసినట్టు దించేయాలండి."

తల తిప్పకుండా దాలమ్మతో కబుర్లు మొదలెట్టింది. ఉప్పు మడిలో పడిపోయిన సరుకుల అధికారి కథ దాలమ్మ చెబుతోంది. "తెల్లగా లేసినాడమ్మా, దెయ్యమనుకుని ఆడి కుక్కే ఆడిని తరిమింది!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వు పెదవి మీద నుంచి పోకముందే నూకరత్నం ఉలి మూడు గీతలు లాగేసింది.

మన నోట్ల మీద ఇంతవరకూ నవ్విన మనిషి లేడు. నా సరంగు పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టుంటాడు. ఆ మూడు గీతలు నేను మూడు నెలలు కూర్చున్నా లాగలేను. ఇది నిజం, ఈ పుస్తకంలో కాక ఇంకెక్కడా ఒప్పుకోను. ఇంటికి వెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

23వ రోజు

చూపరి పని ఇవాళ. పలక నా బల్ల మీదికి వచ్చింది. అక్షరాలు, అంకెలు మా అక్షరాల పనివాళ్లు చెక్కినవి, అవి సరిగ్గా తిరగేసి ఉన్నాయి. లతలు, అలలు, అంచు అన్నీ సరే. మధ్యలో దాలమ్మ మొహం మెడ వరకూ ఉంది. నవ్వుతోంది. రాగి నవ్వడం నేను ఇదే చూడటం. కళ్లల్లో నిప్పులు పోసుకుని, గీత గీతా వెతికాను, ఎక్కడైనా ఒక్క వంకర దొరుకుతుందేమోనని.

దొరికింది. పుట్టుమచ్చ.

దాలమ్మ మచ్చ ఎడమ చెంపది. ఎదురుగా కూర్చుంటే అది మనకు కుడివైపు కనిపిస్తుంది. నూకరత్నం చూసింది చూసినట్టు, రాగికి కుడివైపే చెక్కింది. అచ్చు వేసేసరికి అది దాలమ్మ కుడి చెంప మీదికి పోతుంది. మచ్చ ఒక్కటే కాదు, మొహం మొత్తం తిరగబడుతుంది. రెండు వైపులా ఒకేలా ఉండే మొహం కాబట్టి మిగతాది ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల రాతి అచ్చు చెయ్యి రాగి దగ్గర మారడం మర్చిపోయింది.

నోరు తెరిస్తే రెండు ముక్కల్లో అయిపోయేది. 'మచ్చ తిరగబడింది' అంటే చాలు. పలక కొత్తది తీసుకుని మళ్లీ చెక్కేది. నేను అనలేదు. అన్నానంటే ఇంకా మంచిది చెక్కి, "అక్కగారి చలవండి" అని అందరితో చెబుతుంది. రేపెప్పుడో ఎవరో పట్టుకుంటారు, అప్పుడు ఈ మెరుపు ఎంతటిదో తెలుస్తుంది అనుకున్నాను. పలక కింద 'దోషం లేదు' అని రాసి, మంగతాయారు అని సంతకం పెట్టాను.

చూశాను. తెలిసే సంతకం పెట్టాను.

24వ రోజు

తొలి అచ్చు దాలమ్మకు చూపించారు. ఇవాళ తేలిపోతుంది, నా ప్రమేయం లేకుండానే తేలిపోతుంది అని ఆశపడ్డాను.

దాలమ్మ నోటును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. "అమ్మమ్మమ్మ! నానే! అద్దంలో సూసుకున్నట్టే ఉన్నాది," అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది మరి. ఆవిడ తన మొహం అద్దంలో తప్ప ఎక్కడ చూసింది? మచ్చ అద్దంలో ఏ వైపుంటుందో కాగితంలోనూ ఆ వైపే ఉంది. సోమసుందరం గారు మురిసిపోయి నూకరత్నానికి శాలువా కప్పారు. గాలిలో తేమ తక్కువ. కాగితం బాగా ఆరింది.

41వ రోజు

నోట్లు బయటికి వచ్చి వారమైంది. ఎక్కడికి వెళ్లినా నవ్వే నోటు మాటే. గుర్రపుడెక్క పీచు, పాత చొక్కాల నూలు కలిపి తీసిన కాగితం మీద అంత నవ్వు ఎలా నిలిచిందని ముక్కున వేలేసుకుంటున్నారు. వడలమ్మే ఆవిడ వంద నోటు మార్చనంటే మార్చనంది. దేవుడి పటం పక్కన పెట్టుకుందట. నేను యాభై తీసి ఇస్తే, "ఈ ఏడుపు మొహం కాకుండా వేరేది లేదాండీ?" అంది. ఆ మొహం చెక్కింది నేనేనని ఆవిడకు తెలియదు. వడలు తీసుకోకుండానే వచ్చేశాను.

నూకరత్నం రోజూ పలకరిస్తుంది. రోజూ 'చెప్పేయ్' అని లోపల ఒకటి గొణుగుతుంది. ఆవిడ శాలువా చూడగానే అది నోరు మూసుకుంటుంది. మచ్చ ఎవరు చూస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

61వ రోజు

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇవాళ దాలమ్మ మొదటి మొహంచెల్లు. బజారు కిటకిటలాడింది. దాలమ్మ కొత్త చీర కట్టుకుని, నోటు మీదలాగే తుండు చుట్టుకుని, నవ్వుతూ అరుగెక్కింది. "మొహం చెల్లిందా?" అని దండోరా మనిషి అరిచాడు.

చెల్లింది అని సగం మంది అన్నారు. అరుగు పక్కన చేపలమ్మే ఒకామె నోటు ఎత్తి పట్టుకుని, "మచ్చ ఇటేపు కదా ఉంది? ఈవిడకి అటేపుందేంటి?" అంది. పక్కవాళ్లు చూశారు. వాళ్ల పక్కవాళ్లు చూశారు. అరుపు ఆగిపోయింది.

నేను కోరుకున్న క్షణం అదే. ఇప్పుడు అందరూ నూకరత్నం వైపు తిరుగుతారని చూశాను. ఒక్కరూ తిరగలేదు. దాలమ్మ వైపు తిరిగారు.

"ఈవిడ దాలమ్మ కాదు!" అన్నారెవరో.

నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఆరేళ్ల కిందటి పది నోటు గొడవ. సాక్షి చచ్చిపోతే ఇంటివాళ్లు దాచిపెట్టి, పోలికలున్న చెల్లెల్ని రెండేళ్లు అరుగెక్కించారు. అప్పటి నుంచి చట్టం మారింది. మొహానికి నోటుకు తేడా వస్తే, సాక్షి పోయినట్టు, నిలబడింది దొంగ సాక్షి అయినట్టు లెక్క. జనానికి అచ్చు మీద ఉన్న నమ్మకం మనిషి మీద లేదు.

"నానే బాబూ, నానే దాలమ్మని!" అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. తుండు లాగేశారు. మచ్చ రంగేమోనని ఒకడు తడిగుడ్డతో చెంప రుద్దాడు. అరుగు మీంచి దింపి తీసుకుపోయారు. నేను గుంపులోనే నిలబడి ఉన్నాను.

62వ రోజు

వంద నోటు ఎక్కడా తీసుకోవడం లేదు. మంచినీళ్ల పడవవాళ్లు సరంగు నోట్లే అడుగుతున్నారు. పదిహేనేళ్లలో నా నోటుకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. సంతోషం వేస్తుందేమోనని చూసుకున్నాను. వేయలేదు.

మధ్యాహ్నం ముగ్గురు పెద్దలు విచారణ జరిపారు. ఉప్పుదిబ్బ నుంచి పదకొండు మంది పడవ కట్టించుకుని వచ్చి, ఈవిడ మా దాలమ్మే అన్నారు. సాక్షి ఉన్న దీవికి గట్టు పనిలో రాయితీ ఉంటుంది కాబట్టి సొంత దీవివాళ్ల మాట చెల్లదన్నారు. మొదట గీసిన బొమ్మలు చూపించమన్నారు. నూకరత్నం బొమ్మలే గీయలేదు.

"పోనీ మీరు చెప్పండమ్మా. మొహం మార్చి చెక్కారా?" అని అడిగారు పెద్దల్లో ఒకావిడ.

నూకరత్నం లేచి నిలబడింది. శాలువా లేదు. "లేదండి. ఒట్టండి. చూసింది చూసినట్టే చెక్కేనండి," అంది.

పెద్దలు తలలూపి రాసుకున్నారు. తప్పు ఆ మాటలోనే ఉందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. రేపు సాయంత్రంలోగా వేరే రుజువు రాకపోతే, దొంగ సాక్షి కింద దాలమ్మను గట్టు అవతలికి పంపిస్తారట. గట్టు అవతల మంచినీళ్లు ఉండవు.

బయటికి రాగానే నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. "ఏం జరిగిందో నాకర్థం కావట్లేదండీ అక్కగారూ. నేనే పొరపాటు చేసేనేమో అని పలక మళ్లీ చూద్దామనుకున్నాను. వాళ్లు ముట్టుకోనివ్వట్లేదు. అయినా మీరు చూసేరు కదండీ. మీరు సంతకం పెట్టేక ఇంక నేను చూసుకోలేదు. తాయారు గారు చూసేక ఇంకేం భయం అనుకున్నాను."

ఆ చెయ్యి విడిపించుకుని ఇంటికి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని అక్కడ నిలబడను?

63వ రోజు

రుజువు ఈ పుస్తకమే. ఇరవై మూడో రోజు పుట. మచ్చ ఎడమ చెంపదని, పలక మీద తిరగబడిందని, అచ్చు వేయకముందే తారీఖుతో రాసి ఉంది.

ఆ ఒక్క పుటా ఇస్తే సరిపోతుందేమోనని బ్లేడు తీశాను కూడా. చింపకూడదు. చింపిన పుటను రుజువుగా తీసుకోరు. పుస్తకం మొత్తం ఇవ్వాలి. రొయ్యల వేపుడు, శాలువా, ఒళ్లు మండటం, అన్నీ. పొద్దుటి నుంచి బల్ల మీద పెట్టుకుని దీన్నే చూస్తున్నాను. దాలమ్మ నీళ్లు లేక చచ్చిపోవడమా, నేను సిగ్గుతో చావడమా అని తూచుకుంటున్నాను. ఇందులో తూచడానికి ఏముందని ఎవరైనా అడగొచ్చు. నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఇప్పుడు తీసుకెళ్తున్నాను.

65వ రోజు

పుస్తకం ఇవాళే తిరిగి ఇచ్చారు, ఆఖరి సంతకాలు పెట్టమని. మొన్న జరిగింది రాస్తాను.

పలక ఎవరిదో వాళ్లే దినచర్య పైకి చదవాలన్నది నియమం. నూకరత్నం చదివింది. మొదటి రోజు నుంచి, అందరి ముందూ. ఆవిడ గొంతు మంచి గొంతు, తడబడకుండా చదివింది. తట్ట మన్ను మోసినందుకు ఒళ్లు మండిందని నేను రాసిన చోట ఒక్కసారి ఆగి, మళ్లీ చదివింది. జనంలో కొందరు నవ్వారు. ఇరవై మూడో రోజు దగ్గరికి వచ్చాక, పలక కుడివైపు మచ్చ అన్న మాట పూర్తికాకుండానే చేత్తో నోరు మూసుకుంది. తన తప్పు అప్పుడు తెలిసింది. మిగతాది చాలా మెల్లగా చదివింది. 'చూశాను. తెలిసే సంతకం పెట్టాను.' నా మాటలు ఆవిడ నోట వినడం కంటే గట్టు అవతలికి పోవడం నయమనిపించింది.

అద్దం తెప్పించి, పలక తెప్పించి, పెద్దలు చూసుకున్నారు. దాలమ్మను వదిలేశారు.

బయటికి వచ్చిన దాలమ్మ కోప్పడుతుందనుకున్నాను. చెంప తడుముకుంటూ, "రెండ్రోజులు నాకే అనుమానమొచ్చిందమ్మా, నాను నాను కాదేమోనని. ఏ సెంపదో తడిమి సూసుకుంటానే ఉన్నాను," అంది. తిట్టినా బాగుండేది.

నా ఉలి తీసుకున్నారు. మూడేళ్లు. వచ్చే ఏడాది యాభై నోటుకు ముడతలు నూకరత్నమే చేరుస్తుంది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. సోమసుందరం గారు మెల్లగా, "ఇంకా అసూయ ఉందా తాయారు గారూ?" అని అడిగారు. ఉందన్నాను. మళ్లీ అబద్ధం రాసే ఓపిక లేదు.

68వ రోజు

నోట్లన్నీ వెనక్కి తీసుకుంటే వాటి మీద నమ్మకం పోతుందని పెద్దలు తలపట్టుకున్నారు. దారి దాలమ్మే చూపించింది. "రెండో సెంపకి ఓ పచ్చబొట్టు పొడిసీండి. పలకకి రెండో మచ్చ ఎట్టీండి. ఎటేపు సూసినా నానే ఉంటాను," అంది. ఉప్పుదిబ్బలో పెళ్లికి చేతి మీద, బిడ్డకు నుదుటి మీద పచ్చబొట్టు పొడుచుకోవడం మామూలేనట. బయట ఉన్న నోట్లకు ఎడమ చెంప మీద ఒక సిరా చుక్క వేయిస్తే చాలని పెద్దలు ఒప్పుకున్నారు.

పలక మీద రెండో మచ్చ నూకరత్నం పెట్టింది. ఒక్క పోటు. చాలా బాగుంది. నాతో మాట్లాడటం లేదు.

పచ్చబొట్టుకు ఎవరిని పిలవాలని అడిగితే దాలమ్మ నా పేరు చెప్పింది. "సూడ్డం తెలిసినామె ఆవిడే కదా," అందట. ఇవాళ పొద్దున్న అచ్చుశాల వసారాలో ఆవిడను కూర్చోబెట్టి, మసి కలిపి, సూది కాల్చి చల్లార్చాను. నూకరత్నం అద్దం పట్టుకుని పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్లు అన్నీ తిరగేసి చెక్కిన చెయ్యి, మనిషి మొహం దగ్గరికి వచ్చేసరికి ఎటు పోవాలో తెలియక గాలిలో ఆగిపోయింది.

దాలమ్మ నా మణికట్టు పట్టుకుని, సూదిని కుడి చెంప దగ్గరికి తనే తెచ్చుకుని, కళ్లు మూసుకుంది.

"ఏ సెంపో సరిగ్గా సూసుకుని పొడవమ్మా," అంది. "ఈసారి తప్పుంటే నోరిప్పి సెప్పు."